మా రీళ్లు, మీ రిజిస్టర్లు

'మొఘల్-ఎ-ఆజమ్' సినిమా 1960లో వచ్చింది. మాటలు రాసినవాళ్లు నలుగురు. అమాన్, కమాల్ అమ్రోహి, వజాహత్ మీర్జా, ఎహ్సాన్ రిజ్వీ. పాటలు షకీల్ బదాయూనీవి. బాణీలు నౌషాద్‌వి. తీసింది కె. ఆసిఫ్. ఆ సినిమాలో పాదుషా నోటి నుంచి వచ్చే ప్రతి వాక్యం ఉర్దూ. సలీం అలిగినా ఉర్దూలోనే అలుగుతాడు. అనార్కలి ఏడ్చినా ఉర్దూలోనే ఏడుస్తుంది. మరి సెన్సారు సర్టిఫికెట్టులో భాష దగ్గర ఏం రాశారు? హిందీ.

అంటే అక్బర్ పాదుషా హిందీలో గర్జించాడట!

ఏ పేరైతే ఏముందయ్యా, సినిమా మిగిలిందిగా, చూసి ఆనందించక ఈ గోలెందుకు అంటారు మిత్రులు. ఆనందించడం మాకూ తెలుసు. మా నాన్నలు టూరింగ్ టాకీసుల్లో నేల మీద కూర్చుని ఆ డైలాగులు బట్టీ పట్టినవాళ్లే. కానీ మేం అడుగుతున్నది సినిమా గురించి కాదు, రిజిస్టరు గురించి. సినిమా తెర మీద మూడు గంటలు ఆడి పోతుంది. రిజిస్టరు వందేళ్లు మాట్లాడుతుంది. రేపు మా పిల్లలు "ఈ దేశం పాడిన పాటలో, ఆడిన మాటలో మన వాటా ఎంత" అని వెతుక్కుంటూ వెళితే చేతికి దొరికేది ఆ గడిలో రాసిన ఒక్క మాటే.

ఆ మాట వల్ల జరిగే నష్టం ఉత్త పరువు నష్టం కాదు. భాష హిందీ అని రాసున్న సినిమా తాలూకు కాగితాల కట్టను విప్పడానికి ఉర్దూ చదవగల మనిషి కావాలని ఏ అధికారికి తోస్తుంది? తోచదు. పోస్టు ఉండదు. మనిషి ఉండడు. కట్ట విప్పినవాడికి కుడి నుంచి ఎడమకు పోయే గొలుసుకట్టు రాత కనిపిస్తుంది. ఏవో తురకం కాగితాలు అని పక్కన పెడతాడు. పక్కన పెట్టిన కాగితం ఎక్కడికి పోతుందో ఈ దేశంలో అందరికీ తెలుసు. కిలోల లెక్కన పోతుంది.

బొంబాయి సినిమా ఎలా రాసేవాళ్లో చూడండి. 'షోలే' 1975 నాటిది, మరీ పాతకాలం ముచ్చటేం కాదు. దాని మాటలు జావేద్ అఖ్తర్ ఉర్దూ లిపిలో రాస్తే, సహాయకుడొకరు వాటిని నాగరిలోకి ఎత్తి రాశారు. అంతకు ముందు తరంలో మున్షీలు ఉండేవాళ్లు. మున్షీ రాసింది ఉర్దూలో, నటుడికి అందేది అతనికి వచ్చిన లిపిలో, స్టూడియో ఆఫీసుకు పోయేది ఇంగ్లీషు టైపులో. ఇందులో అసలు కాగితం మొదటిదే. కొట్టివేతలు, మార్జిన్లో దిద్దుబాట్లు, ఒక మాటకు బదులు ఇంకో మాట ఎందుకు వచ్చిందో తెలిపే గీతలు, అన్నీ దాని మీదే ఉంటాయి. రచయిత చెయ్యి అంటే అదే. కానీ నాగరి ప్రతి తయారయ్యాక మొదటి కాగితం చించేసినా షూటింగు ఆగదు. అందుకే అన్నిటికన్నా ముందు అదే పోయింది. 2020లో 'మొఘల్-ఎ-ఆజమ్' స్క్రిప్టును ఆసిఫ్ కొడుకు అమెరికాలో ఆస్కార్లు ఇచ్చే అకాడమీ వాళ్ల మార్గరెట్ హెరిక్ లైబ్రరీకి అప్పగించారు. అక్కడ భద్రంగా ఉంటుంది, సంతోషమే. అయితే అది అమెరికా చేరిందేగానీ పుణె చేరలేదు. ఎందుకు చేరలేదో సిగ్గుపడాల్సినవాళ్లు సిగ్గుపడాలి.

పేర్ల సంగతీ ఇంతే. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు. ముంతాజ్ జహాన్ బేగం మధుబాల అయింది. మహజబీన్ బానో మీనాకుమారి అయింది. పేరు మార్చుకోవడం వాళ్ల ఇష్టం అంటారా? పేరు మార్చుకోకపోతే టికెట్టు తెగదేమోనన్న భయం కూడా ఇష్టంలో కలిసిపోతుందా? 'మదర్ ఇండియా' 1957లో వచ్చింది. దేశానికి తల్లి బొమ్మ గీసి ఇచ్చిన సినిమా అది. తీసింది మెహబూబ్ ఖాన్, మాటలు వజాహత్ మీర్జా, అలీ రజా, పాటలు షకీల్, సంగీతం నౌషాద్, ఆ తల్లి నర్గిస్. 1952 నాటి 'బైజూ బావ్రా'లో హరి దర్శనం కోసం అల్లాడిపోయే భజన ఉంది. రాసింది షకీల్, కట్టింది నౌషాద్, పాడింది రఫీ. మేం ఈ దేశానికి తల్లినిచ్చాం, భజననిచ్చాం. మళ్లీ మమ్మల్నే దేశభక్తి సర్టిఫికెట్టు తెమ్మంటున్నారు.

అందరి సినిమాలూ పోయాయి, మీవే పోయాయా అని ఇంకో ప్రశ్న. పోయాయి, ఒప్పుకుంటాం. దేశంలో 1,300కు పైగా మూకీలు తీస్తే పూర్తిగానో, ముక్కలుగానో మిగిలినవి ముప్పై కూడా లేవు. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ టాకీసులో ఆడిన మొదటి టాకీ 'ఆలం ఆరా' ఒక్క ప్రింటు కూడా దొరకలేదు. అదే ఏడాది వచ్చిన 'కాళిదాస్' లేదు. 1932 నాటి మన 'భక్త ప్రహ్లాద' లేదు. ఆ మూడింటిలోనూ నటించిన ఎల్.వి. ప్రసాద్ గారి మొహం ఆ మూడింటిలో ఎలా ఉండేదో చూసే వీలు ఇంకెవరికీ లేదు. ఆ రోజుల్లో ఫిల్ము నైట్రేటు, అగ్గిపుల్లలాగా అంటుకునేది. మంటకు మిగిలింది అమ్మకానికి పోయేది. ఫిల్ములో పూత వెండి కాబట్టి కరిగించి వెండి తీసుకునేవాళ్లు. 1964లో పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టేసరికే సగానికి పైగా చరిత్ర కరిగిపోయింది. పి.కె. నాయర్ లాంటి ఒక పిచ్చి మనిషి ఊరూరూ తిరిగి డబ్బాలు ఏరుకొచ్చాడు కాబట్టి ఆ మాత్రమైనా ఉంది. 2003 జనవరిలో ఆ పుణెలోనే నైట్రేటు రీళ్ల గది తగలబడింది. పుస్తకం అచ్చేస్తే పెద్ద గ్రంథాలయాలకు ప్రతి ఇవ్వాలని 1954లో చట్టం చేసినవాళ్లు సినిమాను అందులో చేర్చలేదు. నిర్మాతకు బుద్ధి పుడితే ఇస్తాడు, లేకపోతే లేదు.

కాబట్టి పోవడంలో సమానత్వం ఉంది. మా తగాదా మిగిలినదాని దగ్గర. 'ఆలం ఆరా'లో మొదటి పాట పాడినవాడు వజీర్ మహమ్మద్ ఖాన్. ఫకీరు వేషం వేసి పాడాడు. ఈ దేశంలో తెర మీద లేచిన మొదటి పాట ఒక ఫకీరుది. సినిమా పోయినా ఆ సంగతి కాగితం మీద మిగిలింది కాబట్టి ఇవాళ చెప్పుకుంటున్నాం. అంతకు ముందు 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ వాళ్ల బూరలో పాడిన గౌహర్ జాన్ ప్రతి పాట చివరా తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పేది. మైనం పలకలు జర్మనీ పోయేవి, అక్కడ అచ్చు తీసేవాళ్లకు ఏది ఎవరిదో తెలియాలి, అందుకని. అవసరానికి చెప్పిన పేరే ఆమెను కాపాడింది. ఆ రోజుల్లో పాడిన తక్కిన తవాయిఫుల్లో ఎంతమంది మిగిలారు? తన పేరు తను అరిచి చెప్పుకుంటే తప్ప మిగలని స్థితి అప్పటిది. ఇప్పుడు మాత్రం ఏం మారింది?

ఇక మన గడ్డకు వద్దాం. హైదరాబాదు సినిమా చరిత్రకు మొదటి పేజీ ధీరేన్ గంగూలీది. బెంగాలు నుంచి వచ్చి నిజాం ఆదరణలో 1922 ప్రాంతంలో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు, టాకీసులు నడిపాడు. 1924లో 'రజియా బేగం' అనే బొంబాయి సినిమా ఆడించాడు. ముస్లిం రాణి, హిందూ యువకుడు, ప్రేమ. అంతే, నిజాముకు కోపం వచ్చింది, గంగూలీని రాజ్యం వదిలి పొమ్మన్నాడు. ఇక్కడి సినిమా పసిపిల్లగా ఉండగానే పీక నొక్కినవాడు మా మతంవాడే అని చెప్పడానికి మాకేం మొహమాటం లేదు. నవాబుల చరిత్రను మా చరిత్రగా మోసే పని మాకు లేదు. మా తాతలు నవాబులు కారు. దూది ఏకారు, తోలు కొట్టారు, జట్కా తోలారు, సన్నాయి ఊదారు.

అసలు గొడవ ఇక్కడే ఉంది. హైదరాబాదు సాంస్కృతిక వారసత్వం అంటే చాలు, ముషాయిరా, గజల్, షేర్వాణీ, నిజాం నగలు. పోనీ ఆ గజలునైనా సరిగ్గా దాచారా అంటే అదీ లేదు. నిజాం కాలపు దక్కన్ రేడియో 1935 నుంచి ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడాల్లో పాడించింది. 1950లో ఆకాశవాణిలో కలిసింది. అప్పటి ప్రసారాలు చాలావరకు అప్పటికప్పుడు మైకు ముందు పాడి గాలిలో కలిసినవే. టేపులు వచ్చిన తర్వాత కూడా కొరత పేరు చెప్పి ఒకదాని మీద ఇంకొకటి రికార్డు చేశారు. ఎవరి గొంతు మీద ఎవరి గొంతు ఎక్కించాలో నిర్ణయించినవాళ్లు ఎవరో, వాళ్ల ఇళ్లల్లో ఏ పాట వినేవాళ్లో ఊహించడం కష్టమా?

కానీ ఆ గజలు కింద ఇంకో మెట్టు ఉంది, అక్కడికి టేపు కూడా రాలేదు. అది మా తెలుగు తురకల మెట్టు.

షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టాడు. బుర్రకథ అనే కళను ఊరి రచ్చబండ మీది నుంచి లక్షల జనం ముందుకు తెచ్చాడు. ప్రజానాట్యమండలిలో బెంగాల్ కరువు చెప్పాడు, పల్నాటి యుద్ధం చెప్పాడు, అల్లూరి సీతారామరాజు చెప్పాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో వెళ్లిపోయాడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. చూడండి, పద్మశ్రీ అని పెట్టుకోలేదు, బుర్రకథ పితామహుడు అని పెట్టుకోలేదు. ఊళ్లో తిట్టుగా వాడే కులం పేరును అట్ట మీద ఎక్కించాడు. గౌహర్ జాన్ పాట చివర చేసిన పనే నాజర్ తన పుస్తకం అట్ట మీద చేశాడు.

ఈ నాజర్‌ను ఏ అరలో పెడతారు? జానపద కళలు. మహా అయితే కమ్యూనిస్టు ఉద్యమ కళలు. ఉద్యమంవాళ్లకు ఆయన ప్రజాకళాకారుడు, కళల పండితులకు జానపదుడు, మా పెద్దమనుషులకు నమాజుకు రాని తురకోడు. ముగ్గురికీ అక్కర్లేని ముక్క ఒకటుంది. పింజారి. అది ఏ అరలోనూ పట్టదు.

బుర్రకథను దాచడమంటే ఏమిటో కూడా చెప్పాలి. పుస్తకం అచ్చేస్తే దాచినట్టు కాదు. కథకుడు తంబూరా భుజాన వేసుకుని, బొటనవేలి అందె మోగిస్తూ, అడుగు ముందుకీ వెనక్కీ వేస్తూ చెబుతాడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. అసలు కథ ఏ ఊళ్లోనైనా ఒకటే. వంతలు అనే మాటలు ఊరినిబట్టి, ఆ వారం ఆ ఊళ్లో జరిగినదాన్నిబట్టి మారిపోతాయి. మునసబు తిన్న లంచం పల్నాటి యుద్ధం మధ్యలోకి వస్తుంది. బ్రహ్మనాయుడి చాపకూడు చెబుతూ ఆ ఊరి హోటల్లో విడిగా పెట్టిన గ్లాసుల మీద దెబ్బ వేస్తారు. అచ్చు పుస్తకంలో ఇవేవీ ఉండవు. ఒక రాత్రి చెప్పింది ఇంకో రాత్రి చెప్పరు. అందుకే ఒక కథకు ఒక టేపు చాలనుకోవడం అమాయకత్వం. ఆ పదేళ్లలో ఊరూరా చెప్పిన కథల్ని పట్టుకుని ఉంటే తెలుగు పల్లెల రాజకీయ చరిత్ర మొత్తం మన చెవికి అందేది. ఇప్పుడు ఆ చరిత్రను కలెక్టర్ల నివేదికల్లోంచి ఏరుకుంటున్నారు.

ఒక చోట మాలో కొందరం వెళ్లి పాత బుర్రకథ టేపులు ఏమున్నాయో చూపించమని అడిగాం. రిజిస్టరు తెచ్చారు. కథ పేరుంది, నిమిషాలున్నాయి. చెప్పినవాళ్ల గడిలో "నాజర్ మొదలగువారు" తరహాలో "మొదలగువారు" అని ఉంది. ఆ మొదలగువారిలో గుమ్మెట వాయించినవాళ్లు మాదిగలా, దూదేకులవాళ్లా, సాతానులా, ఏ ఊరివాళ్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు? "మొదలగువారు" అనే మాట ఈ దేశంలో సగం జనాభాకు పెట్టిన పేరు.

షేక్ చినమౌలానా గారి సంగతి ఇంకో రకం. ఆయన విషయంలో మర్చిపోవడం లేదు, ఎక్కువ గుర్తుపెట్టుకోవడమే ఇబ్బంది. 1924లో ఇప్పటి ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టాడు. తరాలుగా నాదస్వరం ఊదే ఇల్లు. చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ అన్నదమ్ముల దగ్గర చేరి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1999లో మరణం. ఆయన గురించి ఏ వ్యాసం తెరిచినా మొదటి వాక్యం మతసామరస్యం. రంగనాథుడి ముందు ఊదిన ముస్లిం! ఆయన తోడి రాగం ఎలా విప్పేవారు, గుంటూరు సీమ ఊదుడుకీ తంజావూరు ఊదుడుకీ తేడా ఏమిటి, ఈ రెండూ ఆయన ఊపిరిలో ఎక్కడ కలిశాయి, ఇవి అడిగేవాళ్లు తక్కువ. విద్వాంసుణ్ని విద్వాంసుడిగా వినక ఆగస్టు పదిహేనుకు ఊరేగించే బొమ్మను చేశారు. ఆ చుట్టుపక్కల ఊళ్లల్లో నాదస్వరం ఊదిన షేకుల ఇళ్లు ఇంకెన్నో ఉన్నాయి. గుడిలో ఊది, ఇంటికి వచ్చి నమాజు చేసుకుని, పెళ్లిళ్ల సీజను కోసం ఎదురుచూసిన మనుషులు. వాళ్లకు సామరస్యం అనేది సిద్ధాంతం కాదు, బియ్యం. 2020లో కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు పద్మశ్రీ వచ్చినప్పుడు కూడా అదే సామరస్యం మాట. ఒక ముస్లిం ఆడమనిషి నాదస్వరం పట్టడం వెనక ఎంత పోరాటం ఉందో ఎవరికి కావాలి?

ఇప్పుడు కాగితాల మాట. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం చేశారు. అంతకు ముందు ఆగస్టులో అస్సాంలో జాబితా వేసి 19 లక్షల పైచిలుకు మందిని బయట నిలబెట్టారు. అప్పటి నుంచి మా ఇళ్లల్లో ట్రంకు పెట్టెలు తెరవని ముసలమ్మ లేదు. తాత పుట్టిన కాగితం, నాయన బడికి పోయిన కాగితం. కాగితం అన్న మాటే కాగజ్ నుంచి వచ్చింది. దస్తావేజు మాది, దఫ్తరం మాది, రసీదు మాది. సంగీతానికీ, తాసీల్దారుకూ కలిపి వాడుకునే కచేరీ కూడా ఆ భాష ఇచ్చిందే. మాట ఇచ్చినవాళ్లని మనిషివని రుజువు చేసుకోమంటున్నారు.

బడే గులాం అలీ ఖాన్ సాహెబ్ దేశ విభజనలో పాకిస్తాన్ వైపు పడి, అక్కడ ఉండలేక తిరిగి వచ్చాడు. 1957లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. 'మొఘల్-ఎ-ఆజమ్'లో సలీం, అనార్కలీల వెన్నెల రాత్రి వెనక వినిపించే గొంతు ఆయనదే. 1968లో హైదరాబాదు బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో ప్రాణం విడిచాడు. పాతబస్తీ దాయిరా మీర్ మోమిన్‌లో పడుకున్నాడు. ఇవాళ ఆయన వస్తే ఏ కాగితం అడిగేవాళ్లు? మా ట్రంకు పెట్టెలో లేని కాగితాలు మీ ఆర్కైవుల్లో ఉన్నాయి. మేం ఇక్కడివాళ్లమని చెప్పే సాక్ష్యం ఆ రీళ్లలో, టేపుల్లో, స్క్రిప్టు కట్టల్లో ఉంది. సాక్ష్యం మీ బీరువాలో పెట్టుకుని, తప్పు పేరు రాసి, తాళం వేసి, ఇప్పుడు సాక్ష్యం ఏదీ అని మమ్మల్ని అడుగుతున్నారు.

మావాళ్లని కూడా వదలం. పాట హరామ్ అని మైకులో చెప్పే మౌల్వీ సాబులు మాకూ ఉన్నారు. వాళ్ల మాట విని గ్రామఫోను పలకలు పాత సామాన్లవాడికి వేసిన ఇళ్లు ఉన్నాయి. సన్నాయి ఇంట్లో ఉంటే పిల్లకు సంబంధం రాదని అటక ఎక్కించిన ఇళ్లు ఉన్నాయి. ఖవ్వాలీ దర్గా దగ్గర వింటే షిర్క్ అంటారు, అదే ఖవ్వాలీ సినిమాలో వస్తే పెళ్లి వీడియోకి వేసుకుంటారు. అజీజ్ అహ్మద్ ఖాన్ వారసీ హైదరాబాదు ఖవ్వాలీని దేశం మొత్తానికి వినిపించినవాడు. ఆయన పేరు ఇవాళ మా ఇళ్లల్లో ఎంతమంది కుర్రాళ్లకు తెలుసు? ప్రభుత్వం రిజిస్టర్లో తుడిచేస్తుంది, వీళ్లు మా ఇంట్లోనే తుడుస్తున్నారు. ఇద్దరి చేతిలోనూ ఒకటే గుడ్డ.

పీర్ల పాటల గతి చూడండి. మొహర్రం పదిరోజులూ గుండం చుట్టూ అలాయి తొక్కుతూ హసన్ హుసేన్ల కథను తెలుగులో పాడింది మేమొక్కళ్లమే కాదు. మాలలు పాడారు, మాదిగలు పాడారు, గొల్లలు, బోయలు పాడారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప దగ్గరకు ఇప్పటికీ అన్ని కులాలవాళ్లూ వస్తారు. అఫ్సర్ ఆ పండుగ మీద ఇంగ్లీషులో పుస్తకం రాస్తే అది 2013లో బయటి దేశం నుంచి అచ్చయింది. ఆ పాటలు మాత్రం ఊరిఊరికీ వేరు, ఒక తరం ముసలివాళ్ల గొంతుల్లో ఉన్నాయి. వాటిని మౌల్వీ ఇస్లాం కాదంటాడు, హిందూత్వ కుర్రాడు మన పండుగ కాదంటాడు. ఆర్కైవు అధికారి ఏ గడిలో రాయాలో తెలీక వదిలేస్తాడు.

ఇప్పుడు అంతా డిజిటల్ అంటున్నారు. జాతీయ సినిమా వారసత్వ మిషన్ కింద వందల కోట్లు కేటాయించారు. 2022లో ఫిల్మ్ ఆర్కైవునీ, ఫిల్మ్స్ డివిజన్‌నీ ఎన్.ఎఫ్.డి.సి.లో కలిపేశారు. రీళ్లు శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. చాలా అవసరమైన పని, కాదనం. కానీ రీలుతో పాటు పాత రిజిస్టరూ ఎక్కుతుంది. చేత్తో రాసిన రిజిస్టర్లో తప్పు ఒక బీరువాలో పడి ఉండేది. కంప్యూటర్లోకి ఎక్కిన తప్పు లోకం మొత్తం తిరుగుతుంది. భాష గడిలో హిందీ అని ఒకసారి కొడితే, వెతికేవాడికి ఉర్దూ అనే మాటకు ఏమీ దొరకదు. దొరకనిది లేనట్టే లెక్క.

కాబట్టి ఎక్కించకముందే అడుగుతున్నాం. ఉర్దూలో రాసిన సినిమాకి ఉర్దూ అని రాయండి. సర్టిఫికెట్టులో ఏముందో అదీ పక్కన రాసుకోండి, మాకు అభ్యంతరం లేదు, ఆ అబద్ధం కూడా చరిత్రే. దిలీప్ కుమార్ పక్కన యూసుఫ్ ఖాన్ అని రాయండి. మొదలగువారు అన్న చోటల్లా పేర్లు రాయండి, తెలియకపోతే ఆ ఊరికి వెళ్లి అడగండి, బతికున్నవాళ్లు ఉన్నారు. శికస్తా చేతిరాత చదవగల ముసలి మున్షీలు పాతబస్తీలో ఇంకా ఉన్నారు, వాళ్లకు జీతం ఇచ్చి కూర్చోబెట్టండి, పక్కన ఇద్దరు కుర్రాళ్లను పెట్టి నేర్పించండి. బుర్రకథ టేపు నకలు ఒకటి పొన్నెకల్లు బడికి ఇవ్వండి. నాదస్వరం రికార్డులు కరవదిలో వినపడాలి. హైదరాబాదులో ఏసీ గదిలో, గుర్తింపు కార్డు చూపించిన పరిశోధకుడికి మాత్రమే వినపడితే కుదరదు.

మీరు చేసేదాకా మేం ఆగం. మాలో ఉర్దూ చదవగలిగినవాళ్లు పాత పుస్తకాల బండ్ల దగ్గర స్క్రిప్టు కట్టలు కనపడితే కొంటున్నారు. మిగతావాళ్లు వచ్చే మొహర్రంకి ఫోన్లు పట్టుకుని ఊళ్లకు పోతున్నారు. ఎవరు పాడారు, ఏ కులం, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని మొదట పాడినవాళ్ల చేతే చెప్పించి, తర్వాతే పాట మొదలుపెట్టమంటున్నాం.